మత్తడి మీద రెండూళ్లు

భూమక్క శవాన్ని తలుపు చెక్క మీద పడుకోబెట్టి మోసుకొస్తుండగా జీపు వచ్చి ఆగింది.

మృగశిరలో చినుకు లేదు. ఆరుద్రలో లేదు. వేసిన మక్క గింజ భూమిలోనే మాడిపోయింది. కళ్లు కాయలు కాచాక, హస్త కార్తెలో, మూడు నెలల వాన ఒక్క పూటలో దిగింది. ఈ మధ్య వానలన్నీ ఇట్లాగే వస్తున్నాయి. వస్తే ఊరిని ఊడ్చుకుపోయేంత, లేదంటే నాలుక తడవనంత. గంగాయిపల్లి వాగు ఒడ్డు వాడలో సగం ఇండ్లు కూలాయి. మేకను విప్పబోయిన భూమక్క మీద గోడ పడింది.

జీపులోంచి ఎమ్మార్వో దిగాడు. బురద చూసి ఒక కాలు మళ్లీ లోపల పెట్టుకున్నాడు. ఆయన పక్కన విఠల్‌రావు దొర. రెండూళ్ల భూమిలో చాలామటుకు ఆయనదే, ఎల్లారెడ్డి మండలంలో కాంట్రాక్టులూ ఆయనవే.

"ఇండ్లన్నీ వాగు పోరంబోకుల ఉన్నయి," అన్నాడు ఎమ్మార్వో. "నష్టపరిహారం రాదు. వచ్చే వానకాలం లోపల వాడ ఖాళీ చెయ్యాలె."

"వాగుల ఇండ్లు కట్టుకుంటే వాగు ఊకుంటదా?" దొర జాలిగా తల ఊపాడు. "మీ మంచికే చెప్తున్న."

శవం వెనక నడుస్తున్న జన్నత్ బీ ముందుకు వచ్చింది. ఊరూరా తిరిగి గాజులు అమ్ముకునే మనిషి. పెనిమిటి పోయి చాలా కాలమైంది. వాడ తరఫున పంచాయతీలో వార్డు మెంబరు. ఆమె భుజాన మోసే గాజుల మలారం కూడా ఆ వరదలోనే పోయింది. చేతిలో ఏమీ లేని ఆ రోజే ఆమెకు మాట వచ్చింది.

"ఖాళీ చేసి యాడికి పోవాలె సారూ?"

"ఊర్లె జాగ లేదా?"

"ఊర్లె జాగంత మీ పక్కన కూసున్న దొరదేనాయె. ఆయన ఒళ్లె ఏమన్న జాగుంటే చెప్పుండ్రి."

ఎవరో నవ్వబోయి శవాన్ని చూసి ఆపుకున్నారు. జీపు వెనక్కి తిరిగి, చక్రాల బురదను శవం మీది తెల్లగుడ్డ మీద చిమ్మి వెళ్లిపోయింది. వాడ మొత్తం నిలబడి ఆ మరకలను చూసింది.

*

గంగాయిపల్లి కింద ఉంది, మొగిలిపేట పైన ఉంది. మొగిలిపేటకు పెద్ద చెరువుంది. చెరువు నిండితే మిగిలిన నీళ్లు కట్ట కొసన ఉన్న రాతి మత్తడి మీదుగా పొర్లి, వాగులో పడి, గంగాయిపల్లి పక్క నుంచి కింది ఊళ్ల చెరువులకు పోతాయి. ఒక చెరువు మిగిల్చింది ఇంకో చెరువు తాగాలి. పాతకాలపు వాళ్లు అట్లా కట్టారు.

అయినా ఈ రెండూళ్లకు పచ్చిగడ్డి వేస్తే భగ్గుమంటుంది. పిల్లనిచ్చి పుచ్చుకుంటారు, పెండ్లిలో మాత్రం ఒకే పంక్తిలో కూర్చోరు. జన్నత్ బీ ఒక్కతే రెండు చోట్లా అరుగుల మీద కూర్చునేది. గాజులు తొడిగే చేతిని ఏ ఊరూ కాదనలేదు. అక్కడి తిట్లు ఇక్కడ, ఇక్కడి తిట్లు అక్కడ వినేది. రెండు తిట్లూ ఒకటేనని ఆమెకు కూడా అప్పటిదాకా తట్టలేదు.

మూడో రోజు మొగిలిపేట నుంచి నాగవ్వ వచ్చింది. భూమక్కకు తోడబుట్టిన అక్క. వాగు తగ్గేదాకా దాటలేక చెల్లె ముఖం చూసుకోలేకపోయింది. ఏడ్చుకుంటూ వచ్చి, భూమక్క కొడుకు హన్మంతు ఇంటి ముందు టక్కున ఆగింది. ఏడుపు కూడా ఆగిపోయింది.

"లోపలికి రా పెద్దమ్మా," అన్నాడు హన్మంతు.

"రాను. ఆ రాయి మీద కాలు పెట్ట."

గడప ముందు పరిచిన నల్లరాయి అది. ఉలితో చెక్కిన అంచు, నీళ్లు పారి పారి నున్నగా అరిగిన నడుము.

"ఇది మా మత్తడి రాయిరా. మా నాయిన దీని మీద కూసోని చేపలు పట్టేటోడు."

"అవ్, నేనే తెచ్చిన," హన్మంతు గొంతు లేచింది. "మీరు మత్తడి మీద మత్తడి కట్టి నీళ్లు దాసుకుంటరు. వానకాలం మా మీదికి ఇడుస్తరు. మా అవ్వను చంపింది మీ నీళ్లే."

గంగాయిపల్లి మొగపిల్లలకు అదొక రివాజు. వాగు పొంగిన ఏడు, నీళ్లు తగ్గాక, పైకి పోయి మొగిలిపేట మత్తడి నుంచి ఒక రాయి పీకి తెచ్చేవాళ్లు. ఎంత పెద్ద రాయి తెస్తే అంత మొగోడు. ఆ రాయి ఒకరింట్లో గడప మెట్టయింది, ఇంకొకరింట్లో బట్టలుతికే బండయింది. తెచ్చిన నాడు దొర గుమాస్తా కుండల కొద్దీ కల్లు పోయించేవాడు. ఎందుకు పోయిస్తున్నాడని ఎవరూ అడగలేదు. పోసేవాణ్ణి అడిగితే పొయ్యడం ఆపేస్తాడు కదా!

నాగవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఏ నీళ్లురా? మా చెరువుల దసరా దాటితే బర్రె కడిగే నీళ్లు ఉండయి. బాయిలెండిపాయె. పొలం బీడు పడె. మీరు రాళ్లు పీకి నీళ్లన్నీ గుంజుకపోతున్నరని మా ఊరంత మన్ను పోస్తున్నది మీకు."

"మాకెక్కడియి నీళ్లు? వచ్చిన నాడు ఇండ్లు ముంచుతయి, తెల్లారి ఇసుకనే."

"మరి నీళ్లెటు పోయినయిరా?"

పరామర్శకు వచ్చినవాళ్లలోంచి జన్నత్ బీ మెల్లగా నోరు విప్పింది.

"నాగవ్వా, మత్తడి తక్కువైతే చెరువుల నీళ్లు నిలువయి. అంతేనా? వానొచ్చిందంటే వచ్చినట్టే మా మీద పడతయి. అంతేనా? మీకూ లేకపాయె, మాకూ లేకపాయె. ఎవలకో ఒకలకు లాభముండాలె గదా."

"ఎవలకంటే..." నాగవ్వ మాట నెమ్మదించింది. "చెరువు నడుమల చెరకేసినోనికి. నీళ్లు నిలిస్తే మునిగేది దొర చెరకొక్కటే."

చెరువు కడుపులోని శిఖం భూమి అది. నిండిన చెరువులో దున్నలేం, ఎండిన చెరువులో బంగారం పండుతుంది. కామారెడ్డి మార్కెట్టుకు దొర బెల్లం బండ్లు కట్టేది ఆ చెరకుతోనే.

హన్మంతు గడప మీద కూర్చుండిపోయాడు. మళ్లీ ఆ రాయిని చూసి, నిప్పు తగిలినట్టు లేచాడు. తను ఏ రాయి పీకి కల్లు తాగాడో, ఆ సందులోంచి వచ్చిన నీళ్లే తల్లి మీద గోడను తోశాయి. ఇది అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పే ధైర్యం కూడా ఎవరికీ లేదు. అతను ఏడవలేదు. లోపలికి పోయి గడ్డపార తెచ్చి రాయి అంచు కింద పెట్టాడు.

జన్నత్ బీ అతని భుజం మీద చెయ్యి వేసింది. "పీకు బిడ్డా. కని నీ ఒక్క రాయితోని మత్తడి నిండదు. ఊరంత పీకాలె."

*

ఊరంతా అంటే మాటలా? పంచాయతీ ఆఫీసు ముందు జనం కూడితే సంత కూడినట్టయింది.

సర్పంచ్ కమలవ్వ. సీటు ఆడవాళ్లకు పోయిందని దొర తన జీతగాని పెండ్లాన్నే నిలబెట్టాడు. సంతకం పెట్టమన్నచోట పెడుతుందని ఆయన ధీమా. ఇన్నాళ్లూ పెట్టింది కూడా.

"రాళ్లు వాపసిస్తే మనమే దొంగలమని ఒప్పుకున్నట్టు," వెంకటి లేచాడు. "మొగిలిపేటోళ్లు ఠాణాల కేసు పెట్టి ఉన్నరు. రాయి నెత్తిన పెట్టుకోని పోతే అటే జైలుకు పోవాలె."

"మా గడప రాయి మీద మా మామ పొద్దందాక కూసుంటడు," అంది ఒక కోడలు. "ఆయన్ను గూడ పీకాల్నా?"

"మీ మామను దొరకిద్దాం, రాయి మత్తడికిద్దాం!"

నవ్వులు. వెంకటి నవ్వలేదు. "నవ్వుండ్రి నవ్వుండ్రి. మీరుండేది ఊరు నడుమ. ఏడ్చేది ఒడ్డు మీదోళ్లం."

"ఒడ్డు మీదోళ్లం మేము వెంకటీ," అంది జన్నత్ బీ. "నువ్వు పోయినేడే ఊరు నడుమకు ఎక్కినవు. వచ్చే వానకు మా వాడ ఉంటదా పోతదా, అదొక్కటే చెప్పు. కేసయితే జైలుకు పోతం. జైలుకు గోడలు గట్టిగ ఉంటయట."

ఈసారి వెంకటి కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

కమలవ్వ అప్పటిదాకా కొంగు అంచు మెలిపెడుతూ కూర్చుంది. దొర ఇంట్లో జీతముండే పెనిమిటి దర్వాజలో నిలబడి తల అడ్డంగా ఊపుతున్నాడు, వద్దు వద్దు అని. ఆమె అతన్ని చూసింది. భూమక్క మేక ఇంకా వాడలో తిరుగుతూ అరుస్తోంది, ఆ అరుపు విన్నది.

"మనం ఒక్కలం కడితే మొగిలిపేటోళ్లు ఒప్పరు. వాళ్లొక్కలు కడితే మన పోరగాండ్లు మళ్ల పీకుతరు," అంది. "రెండు పంచాయతులు ఒక్కదగ్గర కూసోవాలె. మత్తడి మీదనే కూసుందాం. నేను పోతున్న నర్సింహులన్న దగ్గరికి. నాతోని ఎవలొస్తరు?"

ఆమె పెనిమిటి తప్ప అందరూ లేచారు.

*

మొగిలిపేట సర్పంచ్ నర్సింహులుకు చెరువు కింద మూడు మడులు, మూడూ బీడు. భయస్థుడు. దొర ఎదురొస్తే చెప్పులు చేతిలోకి తీసుకునే అలవాటు ఇంకా పోలేదు. మత్తడి మీది సభకు వచ్చాడు గానీ, కూర్చోమన్నా కూర్చోలేదు.

రెండూళ్ల మనుషులు మత్తడికి ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు నిలబడ్డారు. నడుమ పండ్లూడిన నోరులాగా రాళ్లు లేని సందు. దొర గుమాస్తా కూడా వచ్చాడు, పిలవకుండానే.

"మత్తడి ఎత్తు పెరిగితే మొగిలిపేట మాదిగవాడ మునుగుతది," అన్నాడు గుమాస్తా. "కిందోళ్ల మాటలు నమ్మి మీ ఇండ్లు మీరే ముంచుకుంటరా?"

పై ఊరి వాళ్లలో కలకలం. కొందరు వెనక్కి తిరిగారు. "గట్లనా? మునుగుతదా?"

"ఆ వాడల పుట్టిన, ఆ వాడల ముసలిదాన్నయిన," నాగవ్వ అడ్డం నిలబడింది. "మత్తడి నిండుగున్న కాలంల మా వాకిట్ల చుక్క నీళ్లు రాలె. మా చెల్లె, నేను ఆడ కూసోని బీడీలు చుట్టినం. ఎత్తు పెంచుమంటలేము నాయినా, ఉన్నదున్నట్టు కట్టుమంటున్నం. మునిగేది నీ దొర చెరకు. గది చెప్పు, సాటుకెందుకు మాదిగోళ్ల ఇండ్లు పెడ్తవ్?"

గుమాస్తా నర్సింహులు వైపు తిరిగాడు. "నర్సింహులూ, మత్తడి బాగు చేయిస్త అని దొర నీకు మాటిచ్చిండు గదా?"

నర్సింహులు ఇంకా నిలబడే, "ఎన్నేండ్లు ఇస్తడన్నా ఆ మాట?" అన్నాడు. "నేను పోరగాన్నప్పుడు మా బాపుకిచ్చిండు. బాపు సచ్చిండు, మాట బతికే ఉన్నది."

అని మత్తడి రాయి మీద కూర్చున్నాడు. ఆయన కూర్చున్నాక ఆ పక్కవాళ్లు, ఈ పక్కవాళ్లు కూర్చున్నారు. సందు మీదుగా తీర్మానం కాగితం చేతులు మారింది. రెండు పంచాయతీలు, ఒకటే మాట: రాళ్లు గంగాయిపల్లి మోస్తుంది, డంగు సున్నం మొగిలిపేట నూరుతుంది, ఇంటికో మనిషి. మత్తడి కావలి రెండూళ్లదీ.

మండలాఫీసులో ఎమ్మార్వో ఆ కాగితాన్ని పురుగును చూసినట్టు చూశాడు. "మొగిలిపేట చెరువు మీద గంగాయిపల్లి తీర్మానమేంది? ఒక పంచాయతి పనిల ఇంకో పంచాయతి ఏలు పెట్టే రూలు లేదు."

"ఆ రూలు వాగుకు తెల్వదు సారూ," అంది కమలవ్వ. "అది రెండూళ్లల్ల తిరుగుతది."

"సర్పంచివా, లీడరువా? అడవిల అన్నలు నేర్పిండ్రా మాటలు? పోలీసులకు చెప్పమంటవా?"

పక్కనున్న జన్నత్ బీ కమలవ్వ చెయ్యి పట్టుకుంది. గాజుల చేతిని పట్టుకోవడం ఆమెకు కొత్త కాదు. ఇద్దరూ బయటికి వచ్చాక కమలవ్వ అడిగింది: "అక్కా, వణికినట్టు కనబడ్డదా?"

"కనబడ్డది. ఆయనకు కాదు, నాకు."

*

ఎమ్మార్వో ఒప్పుకోకున్నా, ఎండలు ముదరక ముందే గంగాయిపల్లి గడపలు లేచాయి. గడ్డపార దెబ్బకు ప్రతి ఇంటి ముందు ఒక గుంత. గోడలకు ఆనించిన బండలు, పశువుల కొట్టంలో కుడితి గోలెం కింద ఎత్తుగా పెట్టినవి, చివరికి కల్లు దుకాణం ముందు కూర్చునే బండ కూడా. బండ్లు ఎక్కలేని బాట కాబట్టి కావడి కట్టి, నెత్తిన పెట్టి మోశారు. దోవ సగంలో మొగిలిపేట ఆడవాళ్లు ఎదురొచ్చారు. జన్నత్ బీ ఉన్నచోటే ఆగింది. కొడతారా?

ముందున్న ముసలామె ఒక రాయిని తట్టి చూసింది. "ఇన్నేండ్లు మా రాయి మీద మీ లంగలుతికిండ్రా? సబ్బు వాసనొస్తున్నది ఛీ!" అని, తన నెత్తి మీద చుట్టకుదురు సరిచేసుకుంది. "ఎత్తు, ఇటియ్యి."

అక్కణ్ణుంచి కింది ఊరి బరువు పై ఊరి నెత్తి మీదికి మారింది.

పని నెలంతా సాగింది. తిట్టుకుంటూనే కట్టారు. సున్నం పలచనైందని కిందివాళ్లు, రాయి వంకర పెట్టారని పైవాళ్లు. హన్మంతు ఒక్కడే ఎవరితోనూ తగవు పడలేదు. తను పీకిన రాయిని తనే పేర్చి, సందుల్లో సున్నం వేలితో నింపాడు. మత్తడి మళ్లీ పాత గీతకు వచ్చింది.

దొర ఏమీ అనలేదు. అదే జన్నత్ బీకి నిద్ర పట్టనియ్యలేదు. అరిచే కుక్క ఎక్కడుందో తెలుస్తుంది.

*

ఆ ఏడు వానలు మళ్లీ కార్తెలు తప్పాయి. వచ్చినప్పుడు మూడు రోజులు విడవకుండా వచ్చాయి. చెరువు నిండింది. జన్నత్ బీ వాగు ఒడ్డున నిలబడి నీళ్లు చూసింది. నీళ్లు వస్తున్నాయి, కానీ పరుగెత్తడం లేదు. వాడ గోడలు తడిశాయి, నిలబడ్డాయి.

అప్పుడే పైనుంచి ఒకతను ఉరికొచ్చాడు. "దొర మత్తడి కోయిస్తున్నడు! పోలీసులొచ్చిండ్రు!"

నిండిన చెరువు మత్తడి కోస్తే! ఆ మాట విన్నవాళ్లు చేతిలోది చేతిలోనే వదిలి పరుగెత్తారు. జన్నత్ బీ చెప్పులు బురదలో ఉండిపోయాయి.

మత్తడి దగ్గర పోలీసు జీపు, ఎస్సై. దొర గొడుగు కింద. ఎక్కడి నుంచో తెచ్చిన కూలీలు గడ్డపారలతో నిలబడి ఉన్నారు. చెరువు నడుమ దొర చెరకు ఆకుల చివర్లు మాత్రం నీళ్ల పైన ఊగుతున్నాయి. మత్తడి మీద నుంచి నీళ్లు పలుచటి గుడ్డ పరిచినట్టు జారుతున్నాయి. ఆ నీళ్లలోనే మొగిలిపేట వాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు, నర్సింహులుతో సహా.

"సర్కారు చెరువుల అక్రమ కట్టడమిది," ఎస్సై అరిచాడు. "లేవకపోతే లేపుతం!"

జన్నత్ బీ ఎస్సై దగ్గరికి పోలేదు. గడ్డపారల వాళ్ల దగ్గరికి పోయింది.

"ఏ ఊరు తమ్మీ మీది?"

"మాచారెడ్డి దిక్కు," అన్నాడు ముందున్నవాడు, చూపు దించి.

"కూలికొచ్చిండ్రు. మేమూ కూలోళ్లమే. కిందికి సూడు. ఆ పొగ వచ్చేది మా వాడ. పిల్లలు బువ్వ తింటున్నరు ఇప్పుడు. గడ్డపార ఏసినోడు ఈడనే నిలబడి చూడాలె, ఏ ఇల్లు ముందు పోతదో. ఉరికిపోవద్దు. అట్లయితేనే ఎయ్యి."

చెప్పి, ఆమె పోయి సందు నింపిన చోట నీళ్లలో కూర్చుంది. కింది ఊరి వాళ్లు వచ్చినవాళ్లు వచ్చినట్టే పక్కన కూర్చున్నారు. నీళ్లు నడుం చుట్టూ తిరిగి జారిపోతున్నాయి. రెండూళ్లను ఇప్పుడు విడదీయాలంటే చీరలు పట్టి చూసినా తెలియదు.

మాచారెడ్డి మనిషి గడ్డపారను నేలకు గుచ్చాడు. చెయ్యి తీసేశాడు. "నేను వెయ్య దొరా. కూలి ఇయ్యకు." మిగిలినవాళ్లూ ఒక్కొక్కరే దించారు.

దొర ముఖం నల్లబడింది. ఎస్సై చెవిలో ఏదో అన్నాడు. ఎస్సై ముందుకు వచ్చాడు.

"సరే. దొంగతనం కేసున్నది. మొగిలిపేట మత్తడి రాళ్లు పోయినయని ఫిర్యాదున్నది. ఆ రాళ్లే ఇవి. దొంగసొత్తు. పీకి ఠాణాకు తీసుకపోతం. నర్సింహులూ, ఊరి సర్పంచివి నువ్వు. మీ రాళ్లు పోయినయా లేదా?"

ఒక్క మాటతో మత్తడీ పోతుంది, హన్మంతూ పోతాడు. హన్మంతు అప్పటికే లేచి నిలబడ్డాడు. జన్నత్ బీ నర్సింహులు వైపు చూసింది. ఆయన అలవాటు కొద్దీ లేవబోయాడు. నాగవ్వ ఆయన వైపు చూడకుండానే భుజం నొక్కింది. ఆయన లేవలేదు.

"మావేం పోలేదు సారూ."

"ఫిర్యాదిచ్చింది మీ ఊరే!"

"తప్పు రాసినట్టున్నరు. మా మత్తడి ఏడ కట్టిందో ఆడనే ఉన్నది. సూడుండ్రి, మేం కూసున్నం గద."

ఎవరో పక్కున నవ్వారు. ఆ నవ్వు మత్తడి ఈ కొస నుంచి ఆ కొస దాకా పోయింది. ఎస్సై లాఠీ తీశాడు. నీళ్లలో దెబ్బలు పడ్డాయి, నీళ్లు లేచాయి, మనుషులు లేవలేదు. ఒకరి రెక్కలో ఒకరు రెక్క వేసుకుని కూర్చున్నారు. చివరికి నలుగురిని మాత్రం లాగి జీపులో పడేశారు: కమలవ్వ, నర్సింహులు, హన్మంతు, జన్నత్ బీ. ఖాళీ అయిన నాలుగు చోట్లలో నలుగురు వెంటనే కూర్చున్నారు. అందులో ఒకడు కమలవ్వ పెనిమిటి.

*

మర్నాడు ఎల్లారెడ్డి ఠాణాలో కటకటాల వెనక నుంచి జన్నత్ బీ మొదట అడిగింది వాడ గురించే. కాన్‌స్టేబులు, తనూ కింది ఊళ్లవాడే, గొంతు తగ్గించి చెప్పాడు: "నిలబడ్డది. ఒక్క గోడ పడలే. జనం మత్తడి దిగలే." ఆమె గోడకు చేరగిలబడింది. లాఠీ తగిలిన మోచెయ్యి ఉబ్బి ఉంది.

కాసేపటికి ఠాణా వాకిట్లో మోతగా మాటలు వినబడ్డాయి. తమ రెండూళ్ల వాళ్లేమో అనుకుంది. కాదు. వాగు దిగువన మూడో ఊరి సర్పంచ్ స్వామిదాసు, అతని వెనక అతని ఊరు, ఇంకా కింది ఊరి వాళ్లు కూడా. తలల మీద గోనెసంచులు కప్పుకుని వానలో నడిచొచ్చారు.

"ఏం పని?" ఎస్సై గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"మీతోని ఏం పని లేదు సారూ. ఆ అక్కతోని ఉన్నది." స్వామిదాసు ఎస్సై భుజం మీదుగా లోపలికి కేకేశాడు. "జన్నతక్కా! మీ మత్తడి నీళ్లు నిన్న మా చెరువుకు మెల్లగొచ్చినయి. కట్ట తెగలే, మొదటిసారి. మా మత్తడి గూడ గిట్లనే కోసి ఉన్నది. ఎట్ల కట్టిండ్రో చెప్పుండ్రి!"

"బయటికి నడువుండ్రి! అందరి మీద కేసు పెడ్త!"

వాళ్లు బయటికి నడవలేదు. వాకిట్లో బురదలోనే కూర్చున్నారు.

జన్నత్ బీ కటకటాలు పట్టుకుని లేచింది. "స్వామిదాసన్నా, రాయికంటె ముందు మనుషులను కలుపుండ్రి. మీ పైన మేమున్నం, మీ కింద ఇంకో ఊరున్నది. ఇద్దరినీ పిలువకుండ ఒక్క రాయి పెట్టకుండ్రి. ఇంటికో మనిషి..."

ఎస్సై కాన్‌స్టేబులును కసిరాడు. కాన్‌స్టేబులు నడిమి తలుపు మూశాడు. గది చీకటైంది.

తలుపు అవతల నుంచి స్వామిదాసు గొంతు ఇంకా పెద్దగా వచ్చింది: "సున్నం ఎన్ని దినాలు నానాలె అక్కా?"

"ఆగు, నర్సింహులన్నకు తెలుసు," అని ఆమె పక్క గది వైపు తిరిగి గోడను చేత్తో గుద్దింది. "నర్సింహులన్నా! నిద్రపోతున్నవా? లే, సున్నం సంగతి చెప్పు. గట్టిగ చెప్పు, బయట చానమంది ఉన్నరు!"